గాల్లో మోకాలు, నేల మీద చెయ్యి

తదియ

గోదా తుడిచాను. ఒక గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఆ తడితోనే పరుపంతా తుడవాలి. రెండో గుడ్డకి నీళ్ళివ్వరు. చెమట ఇక్కడ తొందరగా కారదు. ఉన్నచోటే బొట్టు కట్టి ఉంటుంది, మనిషి గిర్రున తిరిగినప్పుడు ఎగిరి ఎక్కడో పడుతుంది. అందుకని పరుపు తర్వాత చుట్టూ కట్టిన వలని, ఆ తర్వాత నిచ్చెన వేసుకుని పైకప్పుకి కట్టిన పరుపుల్ని కూడా తుడుస్తాను. పైకప్పుకి పరుపులెందుకని కిందనుంచి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. ఒక్కసారి గట్టిగా గెంతి చూడమంటాను. మళ్ళీ అడగరు.

కింద అంటే భూమి. చంద్రుడి మీద మా కొత్తపేట కిటికీలోంచి చూస్తే గుట్ట అంచున ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. అది సన్నగా మొదలై నిండుగా అయ్యేదాకా మాకు శుక్లపక్షం. మాకు పున్నమి అయిన రోజు భీమిలిలో అమావాస్య. మావాళ్ళంతా ఆ ఒడ్డునుంచే వచ్చారు కాబట్టి మొదట్లో పండగల దగ్గర తికమక పడేవాళ్ళం. ఇప్పుడు అలవాటైపోయింది.

నా పేరు వరహాలమ్మ. పదో తరగతి దాకా చదివాను. గోదాలో పడిన దెబ్బ చెల్లుతుందో చెల్లదో చెప్పడం నా పని. నా గొంతు చిన్నది, వల అవతలికి వినబడదు. అందుకని కమిటీవాళ్ళు రెండు దీపాలు ఇచ్చారు. పచ్చది చూపిస్తే చెల్లు, ఎర్రది చూపిస్తే చెల్లదు.

పోటీకి ముందు ఇద్దరి గోళ్ళూ చూస్తాను. కనుబొమల మీద వేజలైను రాస్తూ నిబంధనలు చెబుతాను. తల వెనక, వెన్నెముక మీద, గొంతు మీద, నడుం పట్టీ కింద కొట్టకూడదు. కంట్లో వేలు, నోట్లో వేలు పెట్టకూడదు. జుట్టు పట్టకూడదు. కొరకకూడదు. అరికాళ్ళు తప్ప ఒంట్లో ఇంకేది పరుపుని తాకినా ఆ మనిషి నేల మీద ఉన్నట్టే. అలాంటి మనిషి తలకి కాలు గానీ మోకాలు గానీ తగలకూడదు. చేత్తో గుద్దొచ్చు. అన్నీ తెలిసినవే అయినా గుళ్ళో మంత్రం విన్నట్టు తల వంచుకుని వింటారు. అది నాకు బాగుంటుంది.

ఇవాళ పైడితల్లికీ గవరమ్మకీ పోటీ. పైడితల్లి ఇక్కడే పుట్టిన పిల్ల, మంచుగనిలో పని చేస్తుంది. ఎముకలు గుల్లబారకుండా మేమందరం ఒంటి మీద సీసం పలకలు కుట్టిన బరువు కోటు వేసుకుని తిరుగుతాం. నడక వచ్చిన రోజునుంచీ ఆ పిల్లకి కోటే. దాన్ని విప్పనిచ్చేది ఒక్క గోదాలోనే. విప్పగానే ఆ పిల్ల మొహం మారిపోతుంది. వలకి వీపు ఆనించి, ముడుచుకుని, ఒక్కసారి ఎగిరి మోకాలితో వస్తుంది. అలా ఎగిరేవాళ్ళు కొత్తపేటలో ఇంకొకరు లేరు.

గవరమ్మ తోట మనిషి. నెమ్మదస్తురాలు, నేల పట్టులో గట్టిది. గోదాలోకి వచ్చేటప్పుడు అందరూ పరుపుని తాకి కళ్ళకద్దుకుంటారు. గవరమ్మ మాత్రం పడి లేచినప్పుడల్లా అద్దుకుంటుంది. పడ్డప్పుడు మోసింది కదా అని వాళ్ళమ్మ నేర్పిందట. ఇవాళ అలాగే పడి లేచింది. రెండు కాళ్ళ మీదా నిలబడింది. పైడితల్లి ఎగిరింది. ఆ పిల్ల గాల్లో ఉండగా గవరమ్మ అలవాటుగా వంగి చెయ్యి పరుపుకి ఆనించింది. మోకాలు వచ్చి నుదుటికి తగిలింది.

చెయ్యి నేల మీద ఉంది. ఎర్ర దీపం ఎత్తాను.

పైడితల్లికి ఇది రెండో ఎరుపు. మొదటిది ఎప్పుడో తల వెనక తగిలిన గుద్దుకి. మూడోది పడితే ఇక జన్మలో గోదా ఎక్కకూడదు. ఉన్న డాక్టరు ఒక్కరే కాబట్టి ఈ విషయంలో కమిటీ ఎవరి మాటా వినదు.

షష్ఠి

ఇవాళ మూడు పోటీలు జరిగాయి. మూడూ చూడలేకపోయాం.

ఎదుటి మనిషి ఎగరబోతున్నట్టు కనబడితే చాలు, అందరూ వంగి వేళ్ళు పరుపుకి ఆనిస్తున్నారు. ఎగిరినవాళ్ళు గాల్లో ఏమీ చేయలేక, మోకాలు ముడుచుకుని, వలకి కొట్టుకుని దిగుతున్నారు. దిగగానే వీళ్ళు లేచి పట్టుకుంటున్నారు. చూసేవాళ్ళలోంచి ఎవరో ముసలాయన అరిచాడు: "ఓలమ్మ, కొట్టుకోడానికొచ్చినారా, ముగ్గులెయ్యడానికొచ్చినారా?"

దీని వెనక ఉన్నది సన్యాసిరావు. గవరమ్మతో పాటు ఇంకొందరికి నేర్పే గురువు. వయసులో నాకంటే చిన్న. గోదా పక్కన నిలబడి పిల్లలకి చెబుతున్నాడు. "అది గాల్లోకి లేసిందా, మీరు దండం పెట్టీండి. దిగినాక లెగండి. అంతే. మోకాలికి దండమే మందు."

"తమ్ముడూ, అది నేలకి పెట్టే దండం కదా," అన్నాను.

"ఏటప్పా?"

ఇంకోసారి చెప్పాను.

"నానేటి తప్పు సెప్పినాను? నువ్వు సదివిన రూలే కదా? సెయ్యి కింద ఉంటే తల మీద మోకాలు సెల్లదు. నువ్వే ఎర్ర దీపం ఎత్తినావు."

నేను ఎత్తిన మాట నిజమే. నిబంధన అలాగే ఉంది. ఇవాళ కూడా రెండుసార్లు ఎత్తాను. కానీ ఇంటికొచ్చి సింహాచలం అప్పన్న పటం ముందు కూర్చుంటే మనసు కుదురుగా లేదు. కళ్ళకద్దుకోవడానికి తాకిన నేలని గొడుగులా వాడుకుంటున్నారు. అద్దుకోవడం కూడా మానేశారు. వేళ్ళు ఆనించి, ఎదుటి మనిషి ఎక్కడుందా అని తలెత్తి చూస్తున్నారు.

అష్టమి, శనివారం

శనివారం కాబట్టి తొట్టి చేపల పులుసు లేదు. గోంగూర పచ్చడి, పుట్టగొడుగుల వేపుడు. పైడితల్లి భోజనానికి వచ్చింది. గనిలో షిఫ్టు అయ్యాక నెలలో నాలుగైదు రోజులు నా దగ్గరే తింటుంది. పున్నమినాడు మళ్ళీ గవరమ్మతోనే పోటీ ఉంది. గెలిచినవాళ్ళని అవతలి గుట్ట ఊరివాళ్ళతో ఆడటానికి పంపిస్తారు.

"పెద్దమ్మా, ఈసారి నేను ఎగిరితే ఆవిడ చెయ్యి పెడుతుంది. పెడితే నాకు మూడోది."

"ఎగరకుండా ఆడవే."

"ఎగరకుండానా? దానికంటే కోటేసుకునే ఆడతాను."

నవ్వుతూనే అంది. అన్నం మాత్రం కలుపుతూనే ఉంది, ముద్ద నోట్లో పెట్టలేదు.

"గవరమ్మ కావాలని పెడుతుందంటావా?" అని అడిగాను.

"ఛ. ఆవిడ అలాంటిది కాదు. మిగతావాళ్ళు పెడతారు. ఎవరు పెట్టినా నాకు ఒకటే కదా. ఎగిరాక నేనేం చెయ్యగలను? వెనక్కి రమ్మంటే ఎలా వస్తాను?"

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. భోజనాలయ్యాక ఇద్దరం నడవాలోకి వెళ్ళాం. కోటు విప్పి ఆ చివరి తలుపు దగ్గర్నుంచి నావైపు ఎగరమన్నాను. నడవాలో కోటు విప్పకూడదు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను.

ఆ పిల్ల కాళ్ళు నేల వదలగానే మనసులో గోవిందా అనుకోవడం మొదలుపెట్టాను. గోవిందా, గోవిందా, గోవిందా. ఇంకా గాల్లోనే ఉంది. నన్ను చూసి నాలుక బయటపెట్టింది. ఇంకోసారి గోవిందా అన్నాక దిగింది.

చిన్నప్పుడు భీమిలి ఇసకలో నేనూ గెంతినదాన్నే. అక్కడ గోవిందలో గో అనేలోపు కాళ్ళు ఇసకలో ఉండేవి. ఈ నిబంధన అక్కడివాళ్ళు రాసింది. అక్కడ మోకాలు లేవడమూ తగలడమూ ఒకటే. ఎదుటి మనిషి నేల మీద ఉందా లేదా అని ఒక్కసారి చూస్తే చాలు. ఇక్కడ ఆ రెండింటికీ మధ్య ఒక మనిషి వంగి, దండం పెట్టి, తీరిగ్గా తలెత్తి చూడొచ్చు. మోకాలు లేచినప్పుడు అడగాల్సిన మాటని నేను తగిలినప్పుడు అడుగుతున్నాను.

"ఏంటి పెద్దమ్మా, అలా చూస్తున్నావు?"

"కోటు వేసుకో, ఎవరైనా చూస్తారు," అన్నాను.

దశమి

కమిటీ ముందు మాట్లాడాను. అధ్యక్షురాలు మా డాక్టరమ్మ, కనకమహాలక్ష్మి గారు. సన్యాసిరావు కూడా వచ్చాడు.

నేను మొదలుపెట్టగానే, "అప్పా, గట్టిగా సెప్పు. పక్కనున్న నాకే ఇనబడ్డం లేదు," అన్నాడు.

"నువ్వు కాసేపు మాట్లాడకపోతే వినబడుతుందిలే," అన్నారు డాక్టరమ్మ.

నేను చెప్పింది ఇది. ఎగిరే మనిషి కాళ్ళు పరుపు వదిలే క్షణంలో ఎదుటి మనిషి కాళ్ళ మీద ఉంటే నేను గంట కొడతాను. గంట కొట్టాక చెయ్యి కింద పెట్టినా లెక్కలోకి రాదు, దెబ్బ చెల్లుతుంది. ఎదుటి మనిషి అప్పటికే నేల మీద ఉంటే గంట కొట్టను. గంట వినబడకపోతే మోకాలు తలకి తగలకుండా చూసుకోవాల్సింది ఎగిరిన మనిషే. తగిలితే ఎరుపు.

"గంట ఎందుకు వరహాలమ్మగారూ? దీపాలున్నాయిగా?" అని అడిగారు డాక్టరమ్మ.

"గాల్లో ఉన్నప్పుడు ఆ పిల్ల కళ్ళు ఎదుటి మనిషి మీద ఉంటాయండీ. నా దీపాన్ని చూడవు. చెవులు ఖాళీగానే ఉంటాయి."

ఆవిడ తలూపారు. "గంట కొట్టాక ఎదుటి మనిషి నిజంగానే కాలు జారి పడితే? నా దగ్గర తలకి కుట్లు వేసే దారం కొంచెమే ఉంది."

సన్యాసిరావు గడ్డం గోక్కున్నాడు.

"ఇక్కడ పడ్డం కూడా నిదానమే కదమ్మగారూ," అన్నాడు. "పడీలోపు సేతులడ్డం పెట్టుకోవొచ్చు. మా పిల్లలకి నేర్పీది అదే..." అని ఆగిపోయి, తను ఎవరి తరఫున మాట్లాడాడో అప్పుడు గుర్తొచ్చినట్టు నావైపు చూశాడు. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయారు.

పున్నమి పోటీలో ఒకసారి చూద్దామన్నారు. అయితే ఇద్దరూ ఒప్పుకోవాలి. ముఖ్యంగా గవరమ్మ. ఆ రక్షణ పోయేది ఆవిడకే కాబట్టి. ఒప్పుకోకపోతే పాత పద్ధతే.

"మా గవరమ్మ ఎందుకొప్పుకుంటాదప్పా? దానికేటి నష్టం ఇప్పుడు?" అన్నాడు సన్యాసిరావు, బయటికి వస్తూ. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

ద్వాదశి

తోటలో ఊదారంగు దీపాల కింద గవరమ్మ గోంగూర కోస్తోంది. ఆ వెలుతురులో ఆకులు నల్లగా, మనుషుల పళ్ళు నీలంగా కనిపిస్తాయి. నేను కూడా ఒక బుట్ట తీసుకుని పక్క మడిలో కూర్చున్నాను. విషయం అంతా చెప్పాను. పైడితల్లికి మేలు జరుగుతుందని దాచకుండా చెప్పాను.

గవరమ్మ కోసిన ఆకుని కట్ట కట్టింది.

"పెద్దమ్మా, ఇప్పుడు క్యాంటీన్లో నన్ను చూస్తే పిల్లలు చెయ్యి కింద పెట్టి నవ్వుతున్నారు. తెలుసా?"

"తెలీదమ్మా."

"'గవరమ్మ దండం' అని పేరెట్టారు. సన్యాసి బావు కూడా అలాగే అంటాడు, 'ఏదీ, గవరమ్మ దండం ఒకసారి సూపించండి' అని. మా అమ్మ నేర్పిందది. నేను ఎవరినీ తప్పించుకోడానికి పెట్టలేదు."

"నాకు తెలుసు."

"నాకిప్పుడు గోదాలోకి వెళ్ళేటప్పుడు కూడా పెట్టాలంటే సిగ్గుగా ఉంది." తల ఎత్తలేదు. "గంట కొట్టాక కూడా నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోతే?"

ఏదైనా మంచి మాట చెప్పాలనిపించింది. కానీ ఒప్పుకున్నాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

"వెళ్తే మోకాలు తగులుతుంది. నేను పచ్చ దీపమే ఎత్తుతాను."

ఇంకో రెండు రెమ్మలు కోసి బుట్టలో వేసింది.

"నుదురు వాస్తే తగ్గిపోద్ది," అంది. "ఇది తగ్గదు. కొట్టండి గంట."

సాయంత్రం పూజ అయ్యాక అప్పన్న పటం ముందునుంచి గంట తీసి పమిట చెంగుతో తుడిచాను. చిన్న ఇత్తడి గంట, మా అత్తగారిది. ఇక్కడికి వచ్చేటప్పుడు సామాను బరువు సరిపోక దుప్పటి తీసేసి దీన్ని పెట్టుకున్నాను. మొదటి ఏడాదంతా చలికి వణికినా దుప్పటి గుర్తురాలేదు. ఊళ్ళో ఇంకో గంట లేదు. స్వామీ, నాలుగు రోజులు చప్పట్లతో సరిపెట్టుకో అని చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనుకోడు.

పున్నమి

ఇవాళ భూమి నిండుగా, నీలంగా ఉంది. గనిలో సెలవు. గోదా చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం.

ఇద్దరికీ వేజలైను రాశాను. పాత నిబంధనలన్నీ చెప్పి, చివర్న కొత్తది చెప్పాను. "గంట వినబడితే నీ మోకాలు నీ ఇష్టం. వినబడకపోతే ముడుచుకో." పైడితల్లి తలూపింది. కోటు విప్పి నాకిచ్చింది.

మొదటి రౌండులో ఎగిరింది. గవరమ్మ నిలబడి ఉంది. గంట కొట్టాను. గవరమ్మ చెయ్యి కిందకి బయల్దేరడం అందరం చూశాం. సగం దూరం వెళ్ళి ఆగింది. వెనక్కి తీసుకుని, రెండు ముంజేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని మోకాలిని కాచుకుంది. ఆ దెబ్బకి వెనక్కి జరిగి వలకి తగిలినా పడలేదు. జనం లేచి అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది సన్యాసిరావు. రెండో రౌండులో ఇంకో గంట. ఈసారి మోకాలు గవరమ్మ చెవి పక్కన రాసుకుంటూ వెళ్ళింది. పచ్చ దీపం. ఆ తర్వాత గవరమ్మ పైడితల్లిని నేల మీద చాలాసేపు తొక్కిపెట్టింది. మూడో రౌండు వచ్చేసరికి నా లెక్కలో ఇద్దరూ సమానం.

మూడో రౌండు మధ్యలో పైడితల్లి కాలు అడ్డం పెట్టి గవరమ్మని పడేసింది. వెంటనే వెనక్కి వెళ్ళి, వలకి వీపు ఆనించి ముడుచుకుంది. గవరమ్మ లేస్తోంది. మోకాళ్ళు పరుపు వదిలాయి. అరికాళ్ళ మీదకి వచ్చింది, అలవాటుగా చెయ్యి పరుపుని తాకింది. పైడితల్లి కాళ్ళు పరుపుని వదిలాయి.

ముందు చెయ్యి తాకింది. తర్వాతే కాళ్ళు వదిలాయి. ఆ రెంటికీ మధ్య ఉన్నది రెప్పపాటు. నేను గోదాకి ఆనుకుని కూర్చున్నాను కాబట్టి చూశాను. ఇంకెవరూ చూసి ఉండరు.

గంట నా కుడిచేతిలో ఉంది. నిజం రాయాలంటే, కొట్టాలని చెయ్యి లేచింది. కొడితే దెబ్బ చెల్లుతుంది, ఆ పిల్ల గెలుస్తుంది. కొట్టకపోతే, ఆ ఊపులో మోకాలు తలకి తగిలితే, మూడో ఎరుపు ఎత్తాల్సింది నేనే. ఇక ఆ కోటు ఆ పిల్ల ఒంటి మీద జన్మంతా ఉంటుంది. గంట నాలుకని బొటనవేలితో పట్టుకున్నాను. అది కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. స్వామీ, ఆ పిల్ల వినేలా చూడు అనుకున్నాను. వినడానికి ఏమీ లేదని తెలిసి కూడా అలాగే అనుకున్నాను.

జనం కూడా గంట కోసమే చూస్తున్నట్టున్నారు. అందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. పైడితల్లి కళ్ళు గవరమ్మ మీదే ఉన్నాయి. మొహంలో ఏదో మారింది. ముందుకి పొడుచుకొచ్చిన మోకాలు పక్కకి తెరుచుకుంది, రెండోది ఇంకో పక్కకి. రెండు చేతులూ గవరమ్మ వంగిన వీపు మీద ఆనించి, తల మీదుగా అవతలికి వెళ్ళిపోయింది. వెంట్రుక కూడా తగల్లేదు.

"ఒంగుళ్ళు దూకుళ్ళు!" అని ఎవరో కేక పెట్టారు.

ఇక ఆ నవ్వులు వర్ణించలేను. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకున్నారు. ముగ్గుల ముసలాయన పక్కవాళ్ళ భుజాలు పట్టుకుని గెంతి పైకప్పు పరుపుకి తల కొట్టుకున్నాడు. పైడితల్లి నేరుగా పోయి అవతలి వలలో చెయ్యీ కాలూ ఇరికించుకుంది. విడిపించుకునేలోపు గవరమ్మ వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టు బిగించింది. పైడితల్లి కాసేపు గింజుకుని, గవరమ్మ మోచేతి మీద రెండుసార్లు తట్టింది. ఓడిపోయింది. తడుతున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉంది.

అవతలి గుట్టకి గవరమ్మ వెళ్తుంది. గెలిచాక పరుపుని తాకి, నిదానంగా, రెండు కళ్ళకీ అద్దుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సన్యాసిరావు పిల్లల్ని పక్కకి పిలిచి, "గంట లేకండా ఎగిరితే ఏటి సెయ్యాలో సూసినారా? రేపట్నుంచి అది నేర్సుకోవాల," అంటున్నాడు. కమిటీవాళ్ళు అక్కడికక్కడే మాట్లాడుకుని గంట పద్ధతి ఉంచేద్దామన్నారు. గనిలో రేకుతో గోదాకి వేరే గంట చేయిస్తామన్నారు డాక్టరమ్మ. మాది మళ్ళీ అప్పన్న దగ్గరికి వెళ్ళొచ్చు.

జనం పలచబడ్డాక పైడితల్లి వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుంది. కోటు ఇంకా వేసుకోలేదు. ఎడమచేతి గ్లౌజు తీసి, లోపల చుట్టిన పట్టీ కత్తెరతో కోస్తున్నాను.

"ఎందుకు కొట్టలేదు పెద్దమ్మా?"

"చెయ్యి ముందు తాకింది."

"అంతేనా?"

"అంతే."

పట్టీ చెమటకి అంటుకుపోయింది. మెల్లగా లాగాను.

"కొడతావనే అనుకున్నాను," అంది.

"నేనూ కొడతాననే అనుకున్నాను."

నా మొహంలోకి చూసింది. తర్వాత రెండో చెయ్యి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.